అది మన కలంకారీ కాదు మహాప్రభో!

మొన్న మా టీంలో ఒకాయన బాలి వెళ్ళొచ్చాడు. లంచ్ టైములో ఫోటోలు చూపిస్తూ ఒక గుడ్డ మీది బొమ్మ దగ్గర ఆగి, "చూశావా గురూ, మన కలంకారీనే! ఇక్కణ్ణుంచి ఎత్తుకుపోయిందే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

అది కమాసన్ బొమ్మ. బాలిలో క్లుంగ్‌కుంగ్ పక్కనే ఆ పేరుతో ఊరుంది. అక్కడ నూలు గుడ్డకి బియ్యప్పిండి గంజి పట్టించి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నున్నగా చేస్తారు. ఒకరు గీతలు గీస్తే ఇంకొకరు రంగులు నింపుతారు. రంగు గుడ్డ పైనే నిలుస్తుంది. మరి శ్రీకాళహస్తిలో? గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి, కలంతో గీసి, పటిక పట్టించి, రంగులేసి, మళ్ళీ మళ్ళీ ఉతుకుతారు. రంగు పోగులోకి దిగుతుంది. అది చిత్రలేఖనం, ఇది అద్దకం. రెండిట్లోనూ రాముడున్నాడు కాబట్టి రెండూ ఒకటేనా? రెండిట్లోనూ లాగిన్ పేజీ ఉందని రెండు అప్లికేషన్లూ ఒకటే అంటామా?

పోనీ, కథైనా మనదేనా? క్లుంగ్‌కుంగ్‌లో కెర్తా గోసా అని పాత న్యాయమండపం ఉంది. లోపల కప్పంతా కమాసన్ శైలి బొమ్మలే (ఒకప్పుడు గుడ్డ మీద ఉండేవి, 1960లో ఆస్బెస్టాస్ రేకుల మీద మళ్ళీ వేశారు). అందులో కుంతి పంపితే భీముడు నరకానికి వెళ్తాడు, పాండురాజునీ మాద్రినీ విడిపించడానికి! వెంట త్వాలెన్, మెర్దా అని ఇద్దరు సేవకులు. ఇది మన భారతంలో ఏ పర్వమో కాస్త చెప్పండి. మనకి నరకం చూసొచ్చింది ధర్మరాజు కదా. తిక్కనగారు వింటే ముక్కున వేలేసుకునేవారు.

పేర్లు ఇక్కణ్ణుంచే వెళ్ళాయి, కాదనను. అదే కప్పు మీద కింది వరసలో ఉన్న తంత్రి కథలకి మూలం పంచతంత్రమే. కానీ మూలం మనది కాబట్టి అంతా మనదేనంటే, ఆ తర్వాత వందల ఏళ్ళు వాళ్ళు చేసిన పని ఏమైనట్టు? ఓపెన్ సోర్స్ కోడు తీసుకుని ఇరవయ్యేళ్ళు పెంచి పోషించినవాణ్ణి "నీదేముంది, కాపీ" అంటే మనమే ఊరుకోం. 2018లో పోయిన న్యోమన్ మంద్రా అనే చిత్రకారుడు ఆ ఊరి పిల్లలకి ఈ గీత నేర్పడానికి బడే పెట్టాడు. ఆయన నేర్పింది దొంగసొత్తా?

ఇంతకీ మావాణ్ణి, శ్రీకాళహస్తి ఎప్పుడైనా వెళ్ళావా అనడిగాను. రెండుసార్లు వెళ్ళాడట. రాహుకేతు పూజ చేయించుకుని, సాయంత్రానికల్లా తిరుపతి వచ్చేశాడట. కలంకారీ వేసేవాళ్ళని మాత్రం చూడలేదట, టైం లేక.