నత్తగుల్ల మూత

సిద్దిపేటలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పాను. బి.జడ్.సి. గ్రూపు, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఆవరణశాస్త్రం, జీవపరిణామం, జీవవైవిధ్యం ఈ ప్రాంతపు పిల్లలకు అందాల్సింది మాలాంటి వాళ్ల చేతుల మీదుగానే. అందలేదు. పిల్లలు చదవలేదని స్టాఫ్ రూంలో ఏళ్ల తరబడి అనుకున్నాం. గత ఏడాది రిటైరైనప్పుడు బీరువా ఖాళీ చేస్తుంటే ఒక పాత ప్రాక్టికల్ రికార్డు దొరికింది. అది చూసిన దగ్గర్నుంచి ఆ మాట నా నోట రావడం లేదు.

మా ల్యాబులో ఒక అద్దాల బీరువా ఉండేది. ఫార్మలిన్ సీసాల్లో సముద్ర నక్షత్రం, సముద్రపు గుర్రం, జెల్లీచేప, చిన్న సొరచేప. సముద్రం ముఖం చూడని పిల్లలు ఏటా వాటి బొమ్మలు గీసేవాళ్లు. మా ఊరి కోమటి చెరువు నుంచి వచ్చింది ఆ బీరువాలో ఒక్కటి లేదు. పరకలు, జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు, చివరికి రాష్ట్ర చేప అయిన కొర్రమట్ట కూడా లేదు. పైలా ఒకటుండేది, అంటే మన నత్తగుల్లే. దాన్ని కూడా బయటి నుంచి, లేబుల్ అంటించిన సీసాలో తెప్పించుకున్నాం. చెరువుకు నడిచి వెళ్తే బుట్టెడు దొరికేవి.

ఒక ఏడాది చేపలు పట్టే ఇంటి పిల్ల ఒకతి మా క్లాసులో ఉండేది. ఆ సీసా చూడగానే ముఖం విప్పారింది. "సార్, గిది మా చెరువుల మస్తుంటది. ఎండకాలం నీళ్లు ఎండితే బురదలకు పోయి మూత ఏసుకొని పంటది. వాన పడ్డంక మల్ల లేస్తది" అన్నది. ఆ అమ్మాయి చెప్పింది గ్రీష్మకాల సుప్తావస్థ. పైలాకు నీళ్లలో పనికొచ్చే మొప్పా ఉంటుంది, గాలి పీల్చుకునే ఊపిరితిత్తీ ఉంటుంది. ఏటా ఎండి, ఏటా నిండే చెరువులో బతకడానికి ఆ రెండూ, ఆ మూతా ఎలా అక్కరకొచ్చాయో అక్కణ్నుంచే మొదలుపెడితే ఆవరణశాస్త్రం, పరిణామం రెండూ ఆ గంటలోనే చెప్పేయొచ్చు. నేనేమన్నానంటే, "అవన్నీ ఎందుకమ్మా, బొమ్మ గీసి భాగాలు గుర్తించు. పరీక్షలో అదే అడుగుతరు." ఆ పిల్ల మళ్లీ నన్నేమీ అడగలేదు.

పాఠ్యప్రణాళిక మా చేతులు కట్టేసిందని చెప్పుకోవడానికి కూడా లేదు. డిగ్రీ ఏ గ్రూపువాళ్లయినా పర్యావరణం చదవాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత యు.జి.సి. తయారుచేసిన నమూనా సిలబస్‌లో చివరి యూనిట్ మొత్తం క్షేత్ర పర్యటనే. అయిదు గంటలు. ఊళ్లోని చెరువో, గుట్టో, అడవో చూసి నమోదు చేయాలి. చుట్టుపక్కల మొక్కలు, పురుగులు, పిట్టలు గుర్తుపట్టాలి. వంద మార్కుల్లో 25 దానికే. ఆ అయిదు గంటలు మేం ఏం చేశాం? అటెండెన్సు వేశాం. పాత రికార్డు చూసి కొత్త రికార్డు రాయించాం. గడప దాటకుండానే పర్యటన పూర్తయినట్టు సంతకాలు పెట్టాం. ఆ సంతకాల్లో నావి ఎన్నో లెక్కపెట్టడానికి ధైర్యం చాలదు.

పరిణామం దగ్గర చేసింది అంతకంటే తప్పు. "కోతి నుంచి మనిషి పుట్టిండంటె మీరు నిజంగ నమ్ముతరా సార్?" అని ఒక పిల్లవాడు లేచి అడిగాడు. కోతి నుంచి కాదురా, మనకూ దానికీ ఎక్కడో ఒక ఉమ్మడి పూర్వీకుడున్నాడు అని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టదు. "పరీక్షకు రాయి, నమ్మడం నీ ఇష్టం" అన్నాను. క్లాసు నవ్వింది. శాస్త్రం పరీక్షకే తప్ప బతుక్కి కాదని ఆ రోజు అరవై మందికి నేర్పాను. 2023లో పదో తరగతి పుస్తకం నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పరిణామ సిద్ధాంతాన్ని తీసేస్తే దేశంలో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దంటూ సంతకాలు చేశారు. మేం ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టాం. మా క్లాసుల్లోంచి దాన్ని మేం ఎప్పుడో తీసేశాం కదా.

పరికరాలు లేవు, నిధులు లేవు అనేవాళ్లం. బ్రిటన్ వదిలి 1957లో మన దేశానికొచ్చిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇక్కడి కుర్రవాళ్లకు చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు: కళ్లు, కాగితం, ఓపిక ఉంటే చాలు, లెక్కపెట్టండి. పిఠాపురంలో పుట్టిన కె.ఆర్. ద్రోణంరాజు ఆయన దగ్గర చేరి, లంటానా పొదల ముందు నిలబడి ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో లెక్కపెట్టాడు. 1960లో అది 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ లంటానా మా ఊళ్లల్లో కంచెల వెంట ఎక్కడ చూసినా ఉంటుంది. హాల్డేన్ చనిపోయాక ఆయన దేహాన్ని కూడా ఆయన కోరిక ప్రకారం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే ఇచ్చారు. తెలుగు నేలకు అంత దగ్గరగా వచ్చిన మనిషిని మేం పిల్లలకు పేరుగా కూడా పరిచయం చేయలేదు.

హాల్డేన్ బృందంలోనే సురేశ్ జయకర్, హెలెన్ స్పర్వే పసుపు తీతువు మీద ఏళ్లపాటు పనిచేశారు. ఎండాకాలం బీడు నేలలో, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే పిట్ట అది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఒక పగలు గుర్తొచ్చింది. వానలకు ముందు, మొక్కలు నాటడానికి ఎన్ఎస్ఎస్ పిల్లలతో ఊరవతల ఒక బీట్లో గుంతలు తవ్వించాను. రెండు తీతువులు తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే కీడని ఒక పిల్ల భయపడింది. మూఢనమ్మకం అని నేను నవ్వి, పని కానివ్వమన్నాను. జువాలజీ లెక్చరర్ని. ఆ పిట్టలు అంతగా ఎందుకు అరుస్తున్నాయని ఒక్కసారి వంగి నేల చూడలేదు. చెట్టు లేని చోటల్లా ఖాళీ జాగానే అని పిల్లలకు నేర్పింది మేమే. గడ్డి, రాయి, ముళ్లపొద ఉన్న బీడు కూడా ఒక ఆవాసమని చెప్పాల్సిన వాళ్లమూ మేమే.

మల్లన్నసాగర్ మాట తలచుకుంటే నిద్ర పట్టదు. మా జిల్లాలోనే కట్టిన 50 టీఎంసీల జలాశయం. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. ప్రాజెక్టు మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. ఆ ఊళ్లు మునుగుతాయని ఏళ్ల ముందే తెలుసు. ఆ చుట్టుపక్కల పిల్లలు మా బెంచీల మీదే కూర్చున్నారు. మీ చేను గట్టు మీద ఏ చెట్లున్నాయి, మీ కుంటలో ఏ చేపలున్నాయి, మీ నాయనమ్మ ఏ విత్తనాలు దాచింది, రాసుకురండి అని ఒక్క హోంవర్కు ఇవ్వాల్సింది. ఇప్పుడు ఆ నేల మీద ఏముండేదో రాసిన ఒక్క కాగితం కూడా నా దగ్గర లేదు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 లోపు పూర్తి చేయమని గడువు పెట్టింది. ఆ హడావిడిలో ఒకరు మా డిపార్టుమెంటుకు వచ్చి ఒక ఊరి జీవుల పేర్లు అడిగారు. మేం ఊరికి వెళ్లలేదు. పుస్తకం తెరిచి శాస్త్రీయ నామాలతో సహా ఒక పూటలో రాసిచ్చాం. ఇదే పాత మెదక్ జిల్లాలో, జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు బడి ముఖం చూడకుండానే పదుల రకాల చిరుధాన్యాల, పప్పుల విత్తనాలు కాపాడారు. 2019లో వాళ్ల సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లను ఒక్కసారి పిలిచి మా క్లాసులో కూర్చోబెట్టి మేం వినలేదు.

దసరానాడు పాలపిట్టను చూడాలని ఊరంతా వెతుక్కుంటుంది. దేశంలో దాదాపు 30 వేలమంది పిట్టలు చూసి రాసిన లెక్కలతో 2023లో నివేదిక వచ్చింది. పాలపిట్ట బాగా తగ్గిపోతోందని అందులో ఉంది. ఆ 30 వేలమందిలో నేను లేను. నా దగ్గర చదివినవాళ్లెవరైనా ఉన్నారంటే అది నా చదువు చలవ కాదు.

బీరువాలో దొరికిన రికార్డు ఆ అమ్మాయిదే. పైలా పేజీలో అందరిలా సీసాలోని బొమ్మ గీయలేదు. పగుళ్లిచ్చిన చెరువు మట్టి గీసింది. దాని కింద జానెడు లోతులో నత్తగుల్ల, మూత గట్టిగా బిగించుకొని పడుకొని ఉంది. పైన ఒక మూలన చిన్న మబ్బు. పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో కొట్టివేత, 'మళ్లీ వేయవలెను' అన్న రాత, దాని కింద నా పొట్టి సంతకం, తేదీ. పక్క పేజీలో ఆ అమ్మాయి మళ్లీ వేసింది. సీసాలో ఉన్నదాన్ని ఉన్నట్టు.