ముహూర్తము కుదరని శాసనము

ఉభయపక్షముల పెద్దలును కూర్చుండి, తాంబూలములు పుచ్చుకొని, పెండ్లి నిశ్చయమైనదని ఊరంతయు చాటి, ముహూర్తము మాత్రము పెట్టక నలుబదియైదేండ్లకు పైగా కాలము గడిపిన యిల్లు ఎచ్చటనైనను కలదా యని ఎవరైన అడిగినచో, ఊళ్లలో లేదు గాని మన రాజ్యాంగములో కలదని చెప్పవలసియుండును. 1978లో పార్లమెంటు ఉభయసభలును ఆమోదించి, 1979 ఏప్రిల్ 30న రాష్ట్రపతి సమ్మతి పొందిన 44వ రాజ్యాంగ సవరణ చట్టములోని మూడవ సెక్షను అమలులోనికి వచ్చుటకు కేంద్ర ప్రభుత్వము గెజెటులో ఒక తేదీ ప్రకటించిన చాలును. జనతా ప్రభుత్వము మొదలు నేటి వరకు ఏ ప్రభుత్వమును ఆ తేదీని ప్రకటింపలేదు. ఆ సెక్షను విచారణ లేకయే చెరసాలలో ఉంచబడు మనుష్యుని గూర్చినది.

రాజ్యాంగపు 22వ అధికరణము చదువ నారంభించువానికి మొదట ధైర్యము కలుగును. అరెస్టయినవానికి కారణము తెలుపవలయుననియు, తాను కోరుకొన్న న్యాయవాదితో సంప్రతించుకొననీయవలయుననియు, 24 గంటలలోగా మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయుననియు అందున్నది. మూడవ ఖండమునకు వచ్చుసరికి వడ్డించిన విస్తరిని ముందునుండి లాగివేసినట్లు, నివారక నిర్బంధము క్రింద పట్టుబడినవారికి ఈ హక్కులేవియు వర్తింపవని వ్రాసియున్నది. కన్నము వేయుచు చేతికి చిక్కిన దొంగకు గల రక్షణ, మునుముందు ఏదో చేయునేమో యని అధికారి శంకించిన మనుష్యునికి లేదు. నేరమునకు సాక్ష్యము కావలయును. శంకకు అధికారి తృప్తి చాలును.

ఈ శంకాన్యాయము స్వతంత్ర భారతము కనుగొన్నది కాదు. 1818లో వంగరాష్ట్రమునకును, 1819లో మద్రాసు రాజధానికిని రెగ్యులేషనులు చేసి కంపెనీవారు దీనిని నాటిపోయిరి. 1919లో రౌలట్ చట్టము దీనికి నీరు పోసినది. ఆ చట్టమునకు వ్యతిరేకముగా చెరసాలలకేగిన తరమువారే అధికారమునకు వచ్చిన పిమ్మట, రాజ్యాంగము అమలులోనికి వచ్చిన నెల తిరుగుసరికి నివారక నిర్బంధ చట్టము చేసిరి. 1950 మే నెలలో ఏ.కె. గోపాలన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఒక్క సెక్షను మాత్రము కొట్టివైచి తక్కినదంతయు నిలిపెను. 1971లో మీసా యను ఆంతరంగిక భద్రతా నిర్వహణ చట్టము వచ్చినది. అత్యయిక పరిస్థితిలో మీసా క్రిందను, దేశరక్షణ నిబంధనల క్రిందను లక్షా పదివేలమందికి పైగా నిర్బంధింపబడిరని, ఆనాటి దుర్వినియోగములను పిమ్మట విచారించిన షా కమిషన్ లెక్క తేల్చినది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, ఆ కాలమున నిర్బంధితుడు హెబియస్ కార్పస్ కోరి న్యాయస్థానపు గడప త్రొక్కరాదని తీర్పు చెప్పిరి. ఒక పోలీసు అధికారి స్వంత పగతో మనుష్యుని చంపినను దిక్కు లేదా యని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రశ్నింపగా, అత్యయిక పరిస్థితి ఉన్నంతకాలము లేదని అటార్నీ జనరల్ బదులు చెప్పియుండెను. భిన్నాభిప్రాయము వ్రాసిన ఖన్నాకు మరుసటి యేడు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆయన రాజీనామా చేసెను.

ఆ ప్రశ్న వట్టి ఊహ కాదని కేరళలో ఒక తండ్రికి తెలిసివచ్చినది. 1976 మార్చి 1న కాలికట్‌లో ఇంజనీరింగు చదువుచున్న రాజన్‌ను పోలీసులు పట్టుకొని కక్కయం శిబిరమునకు కొనిపోయిరి. తండ్రి ఈచర వారియర్ 1977లో కేరళ హైకోర్టున హెబియస్ కార్పస్ వేయగా, నిర్బంధకాలమున హోంమంత్రిగా నుండిన ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి వదలుకొనవలసి వచ్చినది గాని, కొడుకు శవమైనను ఆ తండ్రికి దక్కలేదు.

ఇంతటి అనుభవము పిమ్మట కలిగిన పశ్చాత్తాపమే 44వ సవరణ. జీవితస్వేచ్ఛల హక్కును అత్యయిక పరిస్థితిలోనైనను నిలిపివేయరాదన్న భాగము 1979లోనే అమలులోనికి వచ్చినది. నిర్బంధమునకు తగిన కారణమున్నదా యని పరిశీలించు సలహా మండలి అభిప్రాయము లేకుండ ఎవనిని మూడు నెలలకు బదులు రెండు నెలలకు మించి ఉంచరాదనియు, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు పైననే నియమింపవలయుననియు, దాని అధ్యక్షుడు పదవిలోనున్న న్యాయమూర్తి కావలయుననియు చెప్పిన భాగము మాత్రము మూలబడినది. నెలల తేడా అంత పెద్దది కాదు; నిర్బంధించిన ప్రభుత్వమే మండలిని కూడ ఎన్నుకొనుట తగదనుటయే అందలి ప్రాణము. ధన్‌బాద్ పార్లమెంటు సభ్యుడు ఏ.కె. రాయ్ తన నిర్బంధమును ప్రశ్నించిన సందర్భమున ఈ విషయము సుప్రీంకోర్టు ముందునకు రాగా, తేదీ ప్రకటింపుమని ప్రభుత్వమును శాసింపజాలమని 1981 డిసెంబరులో అధికసంఖ్యాకులు చెప్పిరి. ఇద్దరు న్యాయమూర్తులు సమ్మతింపలేదు.

ఇది ఢిల్లీ మాట యని తెలుగువారు చెవి మూసికొనరాదు. మన జనులు పీడీ యాక్టు అని పిలుచు 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద దొంగసారా కాచువారు, గూండాలు, భూకబ్జాదారులు మొదలగువారిని పన్నెండు నెలల వరకు విచారణ లేక ఉంచవచ్చును. అయితే ఈ చట్టము ప్రజాశాంతికి భంగము కలిగించువారికే గాని ప్రతి నేరమునకును కాదు. సామాన్యమైన శాంతిభద్రతలు పెద్ద వలయమనియు, ప్రజాశాంతి దానిలోని చిన్న వలయమనియు, రాజ్యభద్రత అన్నిటికంటె లోపలి వలయమనియు 1965లో రామ్ మనోహర్ లోహియా వ్యాజ్యమున జస్టిస్ హిదయతుల్లా విశదపరచెను. అయినను తెలంగాణలో ఉద్యోగములిప్పింతునని సొమ్ము వసూలు చేసెనను ఆరోపణ గలవానిపై కూడ ఈ యస్త్రమును ప్రయోగింపగా 2022లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసెను. 2023లో మరియొక ఉత్తర్వును రద్దుచేయుచు, అచ్చటి కొందరు పోలీసు అధికారులు పౌరహక్కులను విస్మరించుచున్నారని ఆక్షేపించెను.

దుష్టులను అరికట్టవలదా యని అడుగువారు కలరు. అరికట్టవలసినదే. సాక్ష్యమున్నచో న్యాయస్థానము కలదు, బెయిలును వ్యతిరేకించుటకు ప్రభుత్వ న్యాయవాది కలడు. బెయిలు పొందినవాడు జైలు గుమ్మము దాటకముందే మరియొక ఉత్తర్వు చేతికిచ్చుట, దర్యాప్తులోని సోమరితనమునకు మరుగు మాత్రమే. దుష్టునిపై నేడు పనిచేసిన కాగితము రేపు గిట్టనివానిపైనను పనిచేయును. ఏలయన అందు కావలసినది రుజువు కాదు, సంతకము.

ఈ ముహూర్తమునకు పంచాంగముతో పనిలేదు, గెజెటులో ఒక పంక్తి చాలును. మీ పార్లమెంటు సభ్యుడు మీ ఊరికి వచ్చినపుడు, రోడ్డును గూర్చియు నీటిని గూర్చియు అడిగిన పిదప, మూడవ సెక్షనుకు తేదీ ఎప్పుడని కూడ ఒక్కమాట అడుగుడని పాఠకులను వేడుచున్నాను.