పాడకపోతే దేశద్రోహమేనా?

జనగణమన పాడని పిల్లల్ని బళ్ళోంచి గెంటెయ్యాలనే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. అందరూ బాగా చదువుకుని ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళే. వాళ్ళకోసమే ఈ టపా.

1985 జులైలో కేరళలో ముగ్గురు తోబుట్టువుల్ని సరిగ్గా ఇందుకే బళ్ళోంచి తీసేశారు. వాళ్ళు యెహోవా సాక్షులనే క్రైస్తవశాఖకి చెందినవాళ్ళు. అందరితోపాటూ లేచి బుద్ధిగా నిలబడేవారు, మతవిశ్వాసం ఒప్పుకోదు కనక పాడేవారు కాదు. అంతే! హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు మాత్రం ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిందెవరో తెలుసా? మా అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డిగారు.

తీర్పులో లాజిక్కు చాలా సూటిగా ఉంటుంది. జాతీయగీతం పాడి తీరాలనే చట్టమేదీ లేదు. 1971 నాటి చట్టం ప్రకారం నేరమల్లా పాడకుండా కావాలని అడ్డుపడటం, పాడేవాళ్ళకి భంగం కలిగించటం. లేచి నిలబడ్డవాడు గౌరవించినట్టే. "విద్యాశాఖ సర్క్యులరుందిగా?" అంటారా? 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యంలో నోరు మూసుకుని ఉండే హక్కు కూడా ఉంది. దానికి హద్దులు పెట్టాలంటే చట్టం కావాలి. సర్క్యులరు చట్టం కాదు. పైగా 25వ అధికరణం కింద మతస్వేచ్ఛ ఉండనే ఉంది.

అలాగని ఇది బద్ధకస్తులకి లైసెన్సేమీ కాదు. నిజాయితీగా నమ్మి, మర్యాదగా నిలబడ్డ పిల్లల గురించే ఆ తీర్పు. లేవను పొమ్మనేవాడి సంగతి అందులో లేదు.

"సరిహద్దులో జవాన్లు ప్రాణాలిస్తుంటే వీళ్ళు ఒక్క నిమిషం పాడలేరా?" అని ఇంకో ప్రశ్న. పాడగలరు, బెత్తం చూపిస్తే ఎవరైనా పాడతారు. అప్పుడు వాడు నేర్చుకునేది భయం, భక్తి కాదు. తెరమీద "సక్సెస్" అని పడితే చాలు, లోపల ఏం జరిగిందో అక్కర్లేదనే టెస్టర్ని మీ టీములో ఉంచుకుంటారా? మరి దేశభక్తిని పెదాల కదలికతో కొలుస్తారేం?

పెద్దవాళ్ళ విషయంలోనూ ఇదే జరిగింది. సినిమాహాళ్ళలో జాతీయగీతం తప్పనిసరన్న 2016 నాటి ఉత్తర్వుని సుప్రీంకోర్టే 2018 జనవరిలో సడలించి, హాళ్ళవాళ్ళ ఇష్టానికి వదిలేసింది. చెదిరిపోయిందా దేశం?

కాబట్టి మీ అమ్మాయి క్లాసులో ఎవరైనా పాడకుండా నిలబడితే హెడ్మాస్టరుకి ఫిర్యాదు చెయ్యకండి. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బళ్ళోంచి వెళ్ళగొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. మా కరువు సీమలో ఆర్డరేసి వాన కురిపించిన కలెక్టరు ఇంతవరకూ లేడు. ఆర్డరేస్తే దేశభక్తి మాత్రం కురుస్తుందా?