కణాన్ని గుండ్రంగా గీయకండి

మీ జీవశాస్త్రం నోటుబుక్కులో జీవకణం బొమ్మ ఎలా ఉంది? ఒక గుండ్రటి గీత, మధ్యలో కేంద్రకం, చుట్టూ నాలుగు చుక్కలు. అంతే కదూ! మార్కులు వస్తాయి, కాదనను. కాని ఆ బొమ్మను తలకిందులు చేసినా తేడా తెలియదు. మన పేగు లోపలి గోడను కప్పే ఉపకళా కణం అలాంటిది కాదు. దాని పై ముఖం వేరు, అడుగు వేరు. ఈ సంగతి చెప్పకుండా కణం పాఠం ముగించకూడదని నా అభిప్రాయం.

ఎందుకంటారా? 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌కు శరణార్థులు వేలాదిగా వచ్చారు. కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి దాదాపు 30 మంది చనిపోతున్నచోట, ఆయన పర్యవేక్షణలో ఆ సంఖ్య 4 లోపుకు దిగింది. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ కోవలోదే.

పేగు కణం పై ముఖాన ఒక ప్రోటీను ఉంది. అది ఒక్కొక్క గ్లూకోజు అణువుతో రెండేసి సోడియం అయాన్లను లోపలికి తెస్తుంది. కలరా విషం ఈ ద్వారాన్ని మూయలేదు. అడుగున, పక్కల ఉన్న పంపు ఆ సోడియాన్ని రక్తం వైపు తోడేస్తుంది. వెంట నీరూ పోతుంది. ఆ పంపు కూడా పై ముఖానే ఉందనుకోండి. వచ్చిన ఉప్పు వచ్చిన దారినే వెనక్కి పోతుంది! ఎంత తాగించినా లాభం లేదు.

మరి ఏ ప్రోటీను ఎటు ఉండాలో ఎవరు చెబుతారు? కణంలో మేస్త్రీ ఎవరూ లేరు. 1988లో అమెరికాలో కెన్నెత్ కెంఫ్యూస్, ఆయన సహచరులు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు పిండాల్లో ‘పార్’ జన్యువులను కనిపెట్టారు. అవి చెడితే పిండానికి ముందువెనకలు తెలియవు. అలాంటి ప్రోటీన్లే మన పేగులోనూ ఉన్నాయి. పై భాగాన పార్-3, పార్-6, ఏపీకేసీ అనే ఎంజైము. పక్కల పార్-1. పార్-1 హద్దు దాటి పైకి వస్తే, ఏపీకేసీ దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. అది పొర మీద పట్టు తప్పి జారిపోతుంది. కిందికి దిగిన పార్-3కి పార్-1 చేసే మర్యాదా అదే! పొలం గట్టు దగ్గర ఇద్దరు రైతులు ఒకరినొకరు తోసుకుంటున్నట్టు. ఆ తోపులాట సాగినంత కాలం హద్దు చెదరదు. పక్కపక్క కణాలను కలిపి కుట్టే బిగువైన అతుకులు కూడా ఆ హద్దు దగ్గరే ఉంటాయి.

పేగు గోడ కణాలు నాలుగైదు రోజులకే రాలిపోతాయి. కొత్తగా వచ్చిన ప్రతి కణమూ ఈ తగాదాను మళ్లీ మొదలుపెట్టాలి. కడుపులో పుండ్లు కలిగించే హెలికోబాక్టర్ బాక్టీరియాలో కొన్ని రకాలు పార్-1నే పట్టుకుని పనిచేయనివ్వవని 2007లో తేలింది. అప్పుడు కణాలు వరస తప్పుతాయి.

ఈ పేర్లన్నీ పిల్లలకెందుకని మాస్టార్లు అనవచ్చు. నిజమే, పేర్లు వద్దు. పై గీత ఒక రంగు, అడుగు గీత మరో రంగు, పైన నూగు లాంటి సన్నని వేళ్లు, అడుగున రక్తనాళం, ఇవి చాలు. ఈసారి అలా గీసి చూపించండి. మార్కు తగ్గిస్తే ఎందుకని అడగండి.