మస్టరులో పేరు లేనోడికి జబ్బు కూడా లేదంట



"ఫ్యాక్టరీలో వాడే కెమికల్స్ వల్ల క్యాన్సర్ వస్తే అమెరికాలో కేసేసి కోట్లు తీసుకుంటారు, మన దగ్గర చట్టమే లేదు" అని గ్రూపులో ఒక తమ్ముడు రాసినాడు. చట్టం ఉంది తమ్ముడూ. మన దగ్గర లేనిది కాగితం.

దూరం ఎందుకు, పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లిలో రాతినార తవ్వినారు. ఆస్‌బెస్టాస్ అంటే అదే. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ బయటపడేది ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు. అప్పటికి మేస్త్రీ ఉండడు, కాంట్రాక్టరు మారిపోయింటాడు. దగ్గుతా ఆసుపత్రికి పోయిన మన పెద్దాయన చీటీలో రాసింది ఒకటే: బీడీ అలవాటు. యాడ పనిచేసినావని ఎవరూ అడగలా. రాతినార దుమ్ముకు పొగ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే బీడీ తాగేవాణ్ణి ఇంకా కాపాడాల్సింది పోయి, నేరం వాడి మీదికే నెట్టినారు.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు రాతినార కార్మికుల కేసులో తీర్పిచ్చింది. రాసింది మన తెలుగు జడ్జి కె. రామస్వామి గారు. కార్మికుని ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్నారు. ఆరోగ్య రికార్డు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానినాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలన్నారు. జబ్బు తేలినోళ్ళకు లక్ష రూపాయలు ఇమ్మన్నారు. ఆ లక్ష ఎవరికి? ఆసుపత్రి పరీక్షలో తేలినోళ్ళకు. రోజుకూలికి పోయి, మస్టరులో వేలిముద్ర కూడా లేనోణ్ణి పరీక్షకు పిలిచేదెవరు?

1923 నాటి నష్టపరిహార చట్టం 2025లో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది; ఆ కోడ్ మూడో షెడ్యూలు చదవండి. రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ అందులో ఉంది. బెంజీన్ ఉంది. జిడ్డు కడగడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రావకాల విషమూ ఉంది. ప్రొద్దుటూరులో పెయింటు పనికి, మెకానిక్ షెడ్డుకు పోయి థిన్నర్‌తో చేతులు కడుక్కునే మనోళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. అట్లాంటి పని ఒక యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలు చేసుంటే, ఆ జబ్బు పని వల్లే వచ్చినట్టు లెక్క. కాదని చూపించాల్సింది యజమాని. ఇంత బలమైన మాట చేతిలో పెట్టుకుని, ఆ ఆరు నెలలు పనిచేసినామని చూపించలేక ఓడిపోతున్నాం.

కాంట్రాక్టర్లకు ఇది బాగా తెలుసు. ఆరో నెల రాకముందే పేరు మార్చేది, బావమరిది పేరు మీద కూలి ఇచ్చేది ఊరికే కాదు. మనమేమో "పని ఇస్తే చాలు సామీ" అంటున్నాం. చదువుకున్నోళ్ళం కూడా మన నాయన కూలి చీటీ ఏనాడూ అడిగి చూడలేదు. సిగ్గుగానే ఉంది రాయడానికి.

ఇంకో మాట. రాతినార గనులకు కొత్త లీజులు ఆపేసిన ప్రభుత్వమే ఆ నారను బయటి దేశాల నుంచి తెచ్చుకోనిస్తోంది. ఆ సిమెంటు రేకులే మన తాండాల పైకప్పులు. వాటిని కోసేది, తుళ్ళగొట్టేది మనమే.

వచ్చే ఆదివారం కమలాపురంలో కూర్చుంటున్నాం. పాత గుర్తింపు కార్డు, కూలి చీటీ, ఈఎస్ఐ కాగితం, ఎక్స్‌రే ఏది దొరికినా తీసుకురండి. ఏమీ లేకుంటే పెద్దోళ్ళనే తోడుకుని రండి. ఎవరితో కలిసి, ఏ ఏట, ఏ పని చేసినారో వాళ్ళ నోటితో చెప్పించి రాసుకుందాం.