ఆరోగ్య సర్వేలో రైతు ఎక్కడ?

ఊళ్లోకి ఎవరైనా ట్యాబ్ పట్టుకుని వచ్చి ఇంటి వివరాలు అడిగితే మనవాళ్లకు ముందు వచ్చే అనుమానం ఒకటే. రేషన్ కార్డు తీసేయడానికా, పింఛను ఆపడానికా? ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు, బతుకుదెరువుకు పోయినవాళ్లంతా పనులు మానుకుని, కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు చేరుకున్నారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయన్న భయమే వాళ్లను రప్పించింది.

ఆరోగ్య సర్వే అలాంటిది కాదు. అది ఎవరికీ ఏదీ ఇవ్వదు, ఎవరి నుంచీ ఏదీ తీసేయదు. కానీ ఏ జబ్బుకు ఎంత డబ్బు కేటాయించాలి, ఏ ఆస్పత్రిలో ఏ పరీక్ష పెట్టాలి అని పాలకులు ఆలోచించేటప్పుడు వాళ్ల ముందుండేది ఈ సర్వేల అంకెలే. అందుకే ఆ కాగితంలో రైతు, కౌలు రైతు, వ్యవసాయ కూలీ ఎక్కడున్నారో చూసుకోవాల్సిన అవసరం మనకుంది.

మన దేశంలో వీటిలో పెద్దది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 1992-93లో మొదలైంది. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ దీన్ని నడుపుతుంది. 2019-21లో జరిగిన 5వ విడతలో 6,36,699 ఇళ్లకు వెళ్లారు. 2011 జనాభా లెక్కల జాబితా నుంచి ఊళ్లను ఎంపిక చేసి, ఎంపికైన చోట ఇళ్లన్నిటినీ రాసుకుని, అందులోంచి 22 ఇళ్లు తీస్తారు. సర్పంచ్ చూపించిన ఇళ్లు కావు, పెద్ద వీధిలో ఇళ్లు కావు. తాళం వేసి ఉంటే పక్కింటికి పోరు, మళ్లీ ఆ ఇంటికే వస్తారు. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు బీపీ చూస్తారు, వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూస్తారు. పద్ధతి మంచిదే. దాన్ని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు.

చిక్కు వేరేచోట ఉంది. ఈ సర్వే పుట్టింది కుటుంబ నియంత్రణ, కాన్పులు, పిల్లల ఆరోగ్యం లెక్కల కోసం. అందుకే వివరంగా ప్రశ్నలు వేసేది 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు, 15 నుంచి 54 ఏళ్ల మగవాళ్లకు. 5వ విడతలో 7,24,115 మంది ఆడవాళ్లతో మాట్లాడితే, మగవాళ్లు 1,01,839 మందే. మగవాళ్లలో రక్తహీనత ఎంతో రాష్ట్రానికి చెబుతారు కానీ జిల్లా పత్రంలో ఆ వరుసే ఉండదు. అరవై ఏళ్లొచ్చినా పొలంలోనే ఉన్న పెద్దాయనకు బీపీ చూసి వెళ్లిపోతారు. ఇక ఆడవాళ్లతో ఇంతసేపు మాట్లాడారు కదా, వాళ్ల కష్టమైనా తెలిసిందా అంటే అదీ సగమే. కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ అడిగారు. అడగాల్సినవే. నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరి వంగిపోయిన నడుం సంగతికి మాత్రం ఆ ట్యాబ్‌లో చోటు లేదు.

ఇంటికి సాగు భూమి ఉందా అని అడుగుతారు. అది ఆ ఇంటి ఆస్తి ఎంతో అంచనా వేయడానికి. పదెకరాలు కౌలుకు చేసే మనిషి ఆ ప్రశ్నకు లేదనే చెప్పాలి. సర్వే కాగితంలో అతను భూమి లేనివాడు, అంతే. ఊరివాళ్లెవరు, పట్నంవాళ్లెవరు అని రాష్ట్ర పత్రాన్ని చూసి చెప్పొచ్చు గానీ, అందులో రైతెవరు, కూలీ ఎవరు, కిరాణా కొట్టు నడిపేవాళ్లెవరు అన్నది తెలియదు.

మరో విషయం. మన రెండు రాష్ట్రాల్లో 5వ విడత సర్వే జరిగింది దాదాపు 2019 జూలై నుంచి నవంబరు మధ్య దాకా. అంటే ఖరీఫ్ మొత్తం. నాట్లప్పుడూ, పత్తికి మందు కొట్టేటప్పుడూ ఇంటి దగ్గర దొరికే మనిషెవరు?

ఉద్దానం సంగతి తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే జనాన్ని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా తినేస్తోంది. చాలామందిలో దానికి షుగర్ గానీ బీపీ గానీ మూలం కాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. జాతీయ సర్వే చూసేది బీపీ, షుగరే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అందులో లేదు. ఉద్దానంలో ఎన్ని ఇళ్లు తిరిగినా ఆ సర్వేకు ఆ జబ్బు కనిపించదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయంటే, అది అక్కడి జనం, డాక్టర్లు, ఉద్యమాలు ఏళ్ల తరబడి గొంతెత్తడం వల్లే.

ఏది కొలవాలి, ఏది మానాలి అన్నది కూడా పైనే తేలుతుంది. 5వ విడతలో దేశంలోని ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. 2023-24లో జరిపిన 6వ విడతలో ఆ పరీక్షే తీసేశారు. వేలి చుక్క కంటే నరం నుంచి తీసే రక్తమే సరైన లెక్క ఇస్తుందని, దానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేత వేరే సర్వే చేయిస్తున్నామని చెప్పారు. శాస్త్రం ప్రకారం ఆ మాటలో నిజం ఉంది. కానీ పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి, పెరిగిందా తగ్గిందా అని అడిగే వీలు జనానికి పోయింది.

మనసు సంగతి ఇంకా అన్యాయం. 2015-16లో నిమ్‌హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని చెప్పింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. రైతు ఆత్మహత్యలు ఆగని రెండు రాష్ట్రాలవి. వ్యవసాయ రంగంలో 2022లో 11,290 మంది ప్రాణాలు తీసుకున్నారని లెక్క చెప్పింది జాతీయ నేర గణాంకాల విభాగం. అందులో కూలీలు 6,083, సాగుదారులు 5,207. అది పోలీసుల కాగితాల మీద ఆధారపడ్డ లెక్క. బతికి ఉండగా ఆ మనుషులకు నిద్ర పడుతోందా, ఎవరితోనైనా చెప్పుకోగలుగుతున్నారా అని అడిగిన సర్వే మన ఊళ్లకు రాలేదు.

అప్పుల సర్వే మాత్రం వచ్చింది. జాతీయ నమూనా సర్వే 2019 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93కు, తెలంగాణలో 91కి పైగా అప్పు ఉంది. సగటు అప్పు ఆంధ్రాలో 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. అప్పు అడిగినవాళ్లు బీపీ చూడలేదు. బీపీ చూసినవాళ్లు అప్పెంతో అడగలేదు. రెండూ ఒకే ఇంట్లో అడిగితే వచ్చే జవాబు ఏమిటో మనకు తెలుసు. అది ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కాలి.

సర్వేలు కాకుండా, ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే పత్రం ఒకటుంది. బీడీ, సారా, నడక, కుటుంబంలో జబ్బులు అన్నీ అడుగుతుంది. దిగులు గురించి రెండు ప్రశ్నలున్నాయి. పంట వ్యర్థాలు తగలబెట్టిన పొగ, ఇటుక బట్టీ దుమ్ము పీలుస్తారా అన్నదీ ఉంది. పురుగుమందు కొడతారా అన్న ప్రశ్న లేదు. పొగ గుర్తొచ్చిన వాళ్లకు మోనోక్రోటోఫాస్ గుర్తు రాకపోవడం ఏమిటి?

అందుకే సంఘం అడుగుతున్నది ఇది. తర్వాతి విడత ఆరోగ్య సర్వేలో ప్రతి పెద్ద మనిషి పని ఏమిటో, భూమి సొంతమా కౌలా అన్నదీ రాయాలి, ఫలితాలు ఆ ప్రకారం జిల్లాల వారీగా ప్రచురించాలి. మందు పిచికారీ గురించి అడగాలి. ఎండలో పనిచేసే ప్రాంతాల్లో క్రియాటినిన్ చూడాలి. మానసిక ఆరోగ్య సర్వే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరగాలి. నాట్లు, కోతల రోజుల్లో వస్తే పొద్దుగూకాక రావాలి.

మన వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ఎంపికైన ఇల్లు తలుపు వేసుకుంటే, దానితో పాటు అలాంటి వేల ఇళ్ల బాధ లెక్కలోంచి జారిపోతుంది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడండి, మీ అంగీకారం అడిగారో లేదో చూడండి, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా పథకాలు ఆగవు. ఓటీపీ అడిగితే మాత్రం వాళ్లు సర్వే వాళ్లు కారు, పంపించేయండి. బీపీ, షుగర్ ఎంత వచ్చిందో అడిగి రాయించుకోండి. తాగుడు, అప్పు, నిద్రలేమి గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మండల కమిటీలు తమ జిల్లా ఫ్యాక్ట్ షీట్‌ను ఇంటర్నెట్ నుంచి తీయించి, వచ్చే గ్రామసభలో చదివి వినిపించాలి. అందులో లేని ప్రశ్నలేమిటో ఊరివాళ్ల చేతే చెప్పించి, తీర్మానం రాసి, జిల్లా వైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి.