ఆగే రోజుల లెక్క

ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు ప్లాను వేసుకునేవాళ్లు బూట్ల గురించి పదిసార్లు ఆలోచిస్తారు. సెలవు చాలకపోతే మాత్రం ముందుగా కొట్టేసేది దారిలోని నామ్చే బజార్‌లో, డింగ్‌బోచేలో ఆగే రోజుల్నే. కొట్టేయకూడనివి అవే. బేస్ క్యాంపు ఉన్న 5,364 మీటర్ల ఎత్తున ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు వైద్యులు. రోజూ పరుగెత్తేవాళ్లం, మాకెందుకు అనొచ్చు. కండబలం ఎత్తు జబ్బును ఆపదు. పైగా దమ్మున్నవాళ్లే గబగబా ఎక్కేసి తలనొప్పి తెచ్చుకుంటారు. డయామాక్స్ మాత్ర ఉందిగా అంటారా? అది ఒంటికి ఎత్తు అలవాటయ్యేందుకు సాయపడుతుందే గానీ, ఆగే రోజులకు బదులు కాదు. ఆగడమంటే మంచమెక్కడమూ కాదు: పొద్దున నామ్చే నుంచి 3,880 మీటర్ల దాకా ఎక్కి, టీ తాగి, రాత్రికి మళ్లీ 3,440కి దిగి పడుకోవడం. ఇక, మబ్బు పడితే నడక మొదలయ్యే లుక్లాకు విమానం ఎగరదు. దానికింకో రెండు రోజులు చేర్చుకోండి.